తెర మీద సుజాతక్క వేలు

ఇయ్యాల మా నల్గొండ కాలేజీల మీటింగు. పాత థీసిస్‌లన్నీ ఆన్‌లైన్ల పెట్టినం, ఎవ్వలైనా ఫుకట్ల సదువుకోవచ్చని ప్రిన్సిపాల్ సారు మైకు పట్టిండు. "అంతా టెక్నాలజీ మహిమ" అనుకుంట ఒక పేజీ తెర మీద చూపెట్టిండు. మూలకు ఇంత లావు బొటనవేలు, గోరుకు మైదాకు!

"ఎవరిదీ వేలు? తీసెయ్యండి!" అని గరమైండు.

ఏడాది సంది ఒక్కో పేజీ ఒత్తిపట్టి స్కాన్ చేసిన లైబ్రరీ సుజాతక్క ఎనక వరుసల లేసి నిలవడ్డది. "నాదే సార్. అది తీస్తే పుస్తకం మూసుకుంటది."

హాలంతా నవ్వింది. శాలువాలు మాత్రం వేదిక మీదోళ్లకే కప్పిండ్రు.

గా తెర మీది థీసిస్ నాదే. ఒట్టు, అండ్ల కాపీ కొట్టనిది గా వేలొక్కటే. తీయాల్నా, ఉంచాల్నా? మీరే చెప్పుండ్రి.