ఏ చీర మీదికీ కాదు

నాకు మెరుపులంటే పడదు. చెమ్కీలు, రాళ్లు, నెట్టు, మెడ దగ్గర గీరుకునే జరీ, వీటిలో ఏది ఒంటిమీద పడినా నేను నేనుగా ఉండను. నాకు కావాల్సింది రెండు రంగులు. రెండూ సాదావే ఉండాలి, ఒకదానితో ఒకటి కాస్త కొట్లాడుకోవాలి. చేతికి మగవాళ్ల గడియారం, కాళ్లకు తోలు చెప్పులు. జేబు తప్పనిసరి. ఆడవాళ్ల బట్టలకు జేబులు అక్కర్లేదని ఎవరు తీర్మానించారో గానీ, వాళ్లు దొరికితే మాత్రం వదలను.

ఈ పిచ్చి కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు పట్టుకుంది. మా హాస్టల్ దగ్గర ఒక మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీరల మీదికి లంగాలు, జాకెట్ ముక్కలు అమ్మే దుకాణం. నేల నుంచి పైకప్పు దాకా గోడంతా మడతపెట్టిన రంగులే. ఒక్క ఆకుపచ్చలోనే చింతచిగురు, పెసర, చిలక, తమలపాకు, ఇంకా పేరులేనివి ఎన్నో. ఆ గోడను చూస్తే నాకు ఆకలేసేది. మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు దుకాణమాయన, "ఏ చీర మీదికి బిడ్డా?" అని అడిగాడు.

"ఏ చీర మీదికీ కాదు."

"మరి?"

"ఊకెనే. రంగు మంచిగున్నదని."

ఆయన నా చేతుల వైపు చూశాడు, సంచి వైపు చూశాడు. ఎక్కడా చీర కనిపించలేదు. "చీర తీస్కొని రా పో, అప్పుడు కలుస్తది" అని పంపించేశాడు. కొన్నాళ్లకు నాకు అలవాటు పడిపోయాడు. నేను గడప ఎక్కితే చాలు, చీర ఊసెత్తకుండా కొత్త రంగులు కిందికి దించేవాడు.

ఇంతకీ ఆ గోడమీద ఉన్న బట్టలో సగం మా ఊరిదే అయి ఉంటుంది. మాది సిరిసిల్ల. బాపు, అంటే మా నాన్న, సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. ఆయన సాంచా మీద పొద్దంతా తెల్లబట్ట దిగుతుంది. అది అద్దకానికి పోయి, రంగులు పూసుకుని, లంగాలై చీరల కింద దాక్కుంటుంది. బాపు నేసిన బట్ట ఊళ్లకు ఊళ్లు కట్టుకుని ఉంటాయి గానీ, అది బయటికి కనిపించిన పాపాన పోలేదు. అప్పట్లో నేను దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. బట్ట మెత్తగా ఉంటుంది, ఉతికినకొద్దీ ఇంకా మెత్తబడుతుంది, గాలాడుతుంది. అందుకని కుట్టించుకునేదాన్ని, అంతే.

గొడవంతా మా అన్న ఎంగేజ్‌మెంట్ దగ్గర మొదలైంది. వదినవాళ్లది కరీంనగర్. మాకంటే ఉన్నవాళ్లు. ఫంక్షన్ హాల్‌లో పెద్దగా చేస్తున్నారని తెలిసినప్పటినుంచి అవ్వకు, అంటే మా అమ్మకు, కాళ్లు నేలమీద నిలవలేదు. నాకోసం తనే వెళ్లి గులాబీ రంగు నెట్టు గౌను ఒకటి తెచ్చింది. దాన్ని మంచం మీద పరిస్తే మంచం కనిపించలేదు. వేసుకుని చూశాను. చంకల్లో గీరుకుపోయింది. చెయ్యి ఎత్తితే రాళ్లు టపటపా రాలాయి.

నేను మాత్రం అప్పటికే నా ఏర్పాట్లు చేసుకుని ఉన్నాను. బాపు నేసిన తానులోంచి నాకు కావలసినంత కొనుక్కుని, అద్దకం దగ్గర దగ్గరుండి నేరేడుపండు రంగు వేయించాను. మా వాడకట్టు టైలరమ్మ చేత పాదాల దాకా గొడుగులా విచ్చుకునే ఘేరా వచ్చేట్టు పావడా కుట్టించాను, రెండు వైపులా జేబులతో. పైకి పసుపుకొమ్ము రంగు పొట్టి జాకెట్. అద్దం ముందు నిలబడితే నన్ను చూసి నాకే ముద్దొచ్చింది. ఇది నేను, అనుకున్నాను.

అవ్వ చూసింది. చూసి, అగ్గిమీద గుగ్గిలమైంది.

"గది లంగ బట్ట గదనే పోరీ! లంగ మీదనే వస్తవా ఎంగేజ్‌మెంటుకు? పిల్ల తరపోల్లు ఏమనుకుంటరు? బిడ్డకు ఒక్క జత బట్టలు కొనే గతి గుడ లేదా వీల్లకు అనుకోరా?"

"బాపు, నువ్వు చెప్పు. మంచిగ లేదా?"

బాపు ఛాయ్ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నన్ను నడుమ గుంజకుర్రి" అన్నాడు నవ్వుతూ.

అవ్వ ఆగలేదు. "నీ బాపు నేసేది లోపటికే. లోపట ఉంటెనే దానికి మర్యాద. పైకి కనిపిస్తె నలుగురు నవ్వుతరు."

బాపు నవ్వు అక్కడితో ఆగిపోయింది. సగం ఛాయ్ అలాగే వదిలేసి, సాంచాల షెడ్డుకు టైమయిందని లేచి వెళ్లిపోయాడు. నిజానికి ఆ రోజు ఆయనకు సెలవు. అవ్వ కూడా నోరు జారానని గ్రహించినట్టుంది, గిన్నెలమీద గిన్నెలు విసిరింది. అప్పటిదాకా నాది వట్టి సోకు. ఆ తర్వాత అది పంతమైంది. బాపు బట్ట కట్టుకునే వెళ్లాలి, వదినవాళ్ల ముందు ఆయన తల ఎత్తుకునే ఉండాలి. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో నాకు తెలియలేదు గానీ, తెలియనంత మాత్రాన వెనక్కి తగ్గే రకం కాదు నేను.

ఎంగేజ్‌మెంట్ నాడు పొద్దున్నే నేరేడుపండు పావడా కట్టుకుని, జేబులో ఫోన్ పడేసుకుని తయారయ్యాను. అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసి, విసురుగా వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుంది. కరీంనగర్ దాకా అద్దంలోంచి బయటికే చూసింది. అన్న బాపు మీదుగా వంగి నా చెవిలో, "నా ఎంగేజ్‌మెంట్ ఖరాబ్ చేసినవనుకో, నీ లగ్గంల నేను గుడ లుంగీ మీద వస్త" అని బెదిరించాడు. బాపు తెల్లచొక్కా వేసుకుని మా మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు.

ఫంక్షన్ హాల్‌లో ఎటు చూసినా మెరుపులే. అవ్వ నాకు కొన్న గౌను లాంటిదే, అదే గులాబీ రంగుది, ఇద్దరమ్మాయిలు వేసుకుని వచ్చారు. ఒకరికొకరు ఎదురుపడి మొహాలు తిప్పుకున్నారు. నేను లోలోపల పండగ చేసుకున్నాను. నాతో మూడయ్యేవి.

ఆ పండగ ఎంతోసేపు నిలవలేదు. వదిన అమ్మమ్మ, బాగా పెద్దావిడ, నన్ను దూరం నుంచి చూసి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లబోయింది. రహస్యంగానే చెప్పాలనుకుంది పాపం, కానీ ఆవిడకు చెవులు సరిగా వినిపించవు, అందుకని గొంతు పెద్దది.

"బిడ్డా, చీర యాడ పెట్టినవ్? జెప్పన కట్టుకో, టైమయితున్నది. కట్టనీకి రాకుంటే నేను కడత తియ్." అంటూ తన పుస్తెలతాడుకు గుచ్చుకున్న పిన్నీసొకటి తీసి నా చేతిలో పెట్టింది.

ఆవిడ మనసులో ఇంత కుళ్లు కూడా లేదు. చీర కట్టుకోబోతూ మధ్యలో ఏదో పనిలో పడి మరచిపోయాననే అనుకుంది. కానీ చుట్టూ ఉన్నవాళ్లకు వినబడింది. ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత వరసంతా నవ్వింది. "లంగ బట్టనే!" అని ఎవరో అన్నారు. తలుపు దగ్గర వచ్చేవాళ్లకు దండాలు పెడుతున్న బాపు ఇటు చూశాడు. దండం పెట్టిన చేతులు అలాగే ఉండిపోయాయి, కళ్లు మాత్రం కిందికి వాలాయి. నన్ను చూసి నవ్వినందుకు నాకేమీ కాలేదు. బాపు తల దించుకోవడమే చూడలేకపోయాను. ఆ నెట్టు గౌనే వేసుకుని వచ్చి ఉంటే బాగుండేదని నిజంగా అనుకున్నాను.

తల దించుకున్న బాపును చూసి అవ్వ లేచి వచ్చింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె నావైపు చూడను కూడా లేదు. నా పావడాను నడుము పక్కన దోసెడు పట్టుకుని, ఆ పెద్దావిడ చేతిలో పెట్టింది.

"మా బిడ్డ చీర మర్చిపోలే పెద్దమ్మా" అంది, హాలంతా వినబడేట్టు. "గిది మా ఇంటాయన నేసిన బట్ట. లోపట దాచుడెందుకని పైకే కుట్టిచ్చుకున్నది. పట్టి సూడుండ్రి."

ఆవిడ రెండు వేళ్ల మధ్య బట్టను నలిపి చూసింది. మడతలో చెయ్యి పెట్టబోతే అది జేబులోకి పోయింది. "ఓ యవ్వ, జేబు గుడ ఉన్నదా! ఇంత మెత్తటి బట్టను ఇన్నేండ్లు లోపటనే కడితిమి గదనే" అని బోసినోటితో పకపకా నవ్వింది. ఈసారి అందరూ ఆవిడతో కలిసి నవ్వారు. ఆ నవ్వు వేరు. ఒకరి వెనుక ఒకరు వచ్చి పట్టి చూశారు. అవ్వ నన్ను గిర్రున తిప్పి ఘేరా చూపించింది, రెండు జేబులూ బయటికి లాగి మరీ చూపించింది. పొద్దున్నుంచి మాట్లాడని మనిషి, తనే దుకాణం పెట్టినట్టు ఒకటే మాటలు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఉంగరాలు మార్చుకున్నాక, వదిన తన పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నేరుగా బాపు దగ్గరికి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను.

"మామయ్యా, నాకు గుడ గట్లాంటిది కావాలె. మీరే నేసియ్యాలె."

బాపు ఇబ్బందిగా కదిలాడు. "నేను నేసేది తెల్లబట్టనే బిడ్డా. రంగు అద్దకం కాడ ఏస్తరు." తర్వాత ఇంకా నెమ్మదిగా అడిగాడు. "నీకేం రంగంటే ఇష్టం?"

వదిన ఆలోచనలో పడింది. ముందు నెమలికంఠం అంది, కాదు కాదు దానిమ్మ అంది, మళ్లీ తల అడ్డంగా ఊపింది. భోజనాలకు పిలుస్తున్నా బాపు కదల్లేదు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, మంచిగ ఆలోచించుకొనే చెప్పు" అన్నాడు. ఫలానా మనిషి కట్టుకుంటుందని తెలిసి బట్ట నేయబోవడం ఆయనకు అదే మొదటిసారి.