పన్నెండేళ్ళ ముసలి చెట్టు

నగరపాలక కార్యాలయంలో చెట్ల గుమాస్తా మంచివాడే. కాకపోతే తలనొప్పులంటే ఆమడదూరం పారిపోయే రకం. ఎండిన చెట్టును కొట్టించాలంటే కారణం రాయాలి. కాగితంలో ఉన్న గళ్ళు మూడే: వయసు, పురుగు, గాలివాన. అడుగున ‘ఇతర కారణాలు’ అని ఖాళీ గీత ఒకటి. ఒకసారి అక్కడ ‘బస్సుల పొగ’ అని రాసిన పాపానికి, రుజువులేవంటూ పై అధికారి ఆరు నెలలు ఆయన ప్రాణం తోడేశాడు. అప్పటినుంచి ఆయన పరిధిలో చెట్లన్నీ ముసలితనంతోనే పోతున్నాయి.

బస్టాపు పక్క చెట్టు కింద కుట్టుమిషను వేసుకుని పాతబట్టలు బాగుచేసేది ఆయన సొంత అక్క. పన్నెండేళ్ళ కిందట ఆ మొక్క నాటించింది ఆయన. నీళ్ళు పోసి పెంచింది ఆమె. రెండేళ్ళుగా ఆకులు చిన్నవైపోయి, అంచులు మాడి, కాలం కాని కాలంలో రాలిపోతున్నాయి. బస్సులు ఆగే వైపు కొమ్మలే ముందు ఎండాయి. ఆకు తుడిస్తే గుడ్డ నల్లబడేది. ఏదైనా చెయ్యరా అని అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఇంజను ఆపకుండా నిలబడే బస్సులే దాని జబ్బని ఆయనకు తెలుసు. ఆ ముక్క రాస్తే స్టాపు జరిపేవారేమో. చూస్తానక్కా అని నాన్చి నాన్చి, చివరికి అలవాటైన గడిలోనే టిక్కు పెట్టాడు.

కొట్టే రోజు వెళ్ళక తప్పలేదు. చెట్లు కొట్టే మేస్త్రీ సగంలో రంపం ఆపి, ఇది ముసలిదేమిటి సార్, ఇంకా చేవదేరనే లేదు, ఎన్నేళ్ళుంటాయి అని అడిగాడు.

"నలభై దాకా ఉంటాయి," అన్నాడు గుమాస్తా. అన్నాక చూస్తే అక్క వెనకే ఉంది.

"ఉంటాయి బాబూ," అంది ఆమె మేస్త్రీతో. "నేనిక్కడికి వచ్చేసరికే పెద్ద చెట్టు. మా తమ్ముడికి తెలియనిదా?"

ఆమె నాలుగు తిట్టినా తట్టుకునేవాడే. అలా వెనకేసుకొచ్చేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మిషను జరుపుకుంటుంటే పరుగున వెళ్ళి రెండో పక్క పట్టుకున్నాడు.

"నేను రాసింది అబద్ధం అక్కా," అన్నాడు తలెత్తకుండా.

"తెలుసురా. పదిమందిలో నిన్ను అబద్ధాలకోరని ఎలా అనను? అందుకే నేనూ అబద్ధమాడాను," అంది ఆమె. "ఈ వీధిలో ఇంకా నాలుగు చెట్లున్నాయి. వాటికి కూడా నాచేత ఆడించకు."