పగిలిన హెల్మెట్

వైటూకే సాఫ్ట్‌వేర్ పని పుణ్యమా అని సింగపూర్ టాంపినీస్ ఫ్లాట్‌లో నా నెత్తిన పడ్డ రూమ్మేట్‌ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కంపెనీ వాణ్ణి టెక్సాస్ పంపుతానంది. వీసా కూడా రాకముందే, అక్కడ ఇంట్లో పెట్టుకోవడానికి ఏ తుపాకీ కొనాలా అని వెతకడం మొదలుపెట్టాడు. ఒక్క తూటా దొరికినా జైల్లో వేసే దేశంలో కూర్చుని, భోజనాల బల్ల నిండా తుపాకుల ప్రింటవుట్లు పరిచేవాడు. నేను కంచం ఒళ్లో పెట్టుకుని తినేవాణ్ణి.

అప్పట్లో నేను బైక్ లైసెన్సు కోసం క్లాసులకు వెళ్తున్నాను. ఒక శనివారం మెరుపులొస్తున్నాయని క్లాసు మధ్యలోనే ఆపేశారు. బస్టాప్ నుంచి వానలో హెల్మెట్ పెట్టుకునే నడిచొచ్చి, నా తాళంచెవితో తలుపు తీశాను. లోపల అడుగు పెట్టానో లేదో, తల మీద క్రికెట్ బ్యాటు పడింది. హెల్మెట్ పగిలింది.

"నువ్వా! సాయంత్రం వస్తానన్నావ్ కదరా?" అన్నాడు.

"దొంగెవడైనా తాళంచెవితో వస్తాడట్రా, వెధవా?"

"హెల్మెట్‌తో ఇంట్లోకి ఎవడొస్తాడు? నేనేమనుకోవాలి మరి?"

సారీ అనే మాటే లేదు. బ్యాటు గోడకి ఆనించి, బల్ల దగ్గర కూర్చుని, ఒక పిస్టల్ బొమ్మ చుట్టూ పెన్నుతో సున్నా చుట్టాడు.

"ఇంత దగ్గర్లో అయితే ఇదే కరెక్ట్ రా. బ్యాటు ఊపడానికి చోటు చాలట్లేదు."

రెండు నెలలకు వెళ్లిపోయాడు. అక్కడా వాడితో ఎవడో ఒకడు ఇల్లు పంచుకునే ఉంటాడు. వాడూ ఏదో ఒక రోజు చెప్పిన వేళకంటే ముందే ఇంటికొస్తాడు.