రషీద్ చాచా చేపల బకెట్ల పురుడు

నేను పట్టిన కొర్రమట్ట చేప తోక ఆలూర్ చెరువుల ఉంటే తల ఏర్గట్లల తేలింది. నమ్మకున్నా నడుస్తది. తొమ్మిదిల బడి ఇడిశిపెట్టినోని మాట ఎవలు నమ్ముతరు? కని ఇప్పుడు చెప్పే గీ ముచ్చటల వచ్చే పామును మాత్రం జానెడు గూడ పెంచలేదు. ఎందుకంటే గిది నాది కాదు, రషీద్ చాచాది.

అబ్దుల్ రషీద్ చాచా సౌదీల చానేండ్లు లారీ నడిపిండు. ఇసుక చూసి చూసి కండ్లు ఎండిపోయినయని, వాపసొచ్చినంక నీళ్ల పనే పట్టిండు. పొద్దుగాల్నే చెరువు కాడికి పోయి కొర్రమట్టలు తెస్తడు. నీలం డ్రమ్ముల నీళ్లు పోసి, ఆర్మూర్ల బతికున్నయే అమ్ముతడు. పసుపు మార్కెట్ల బస్తాలు మోసే పని గూడ దొరకక నేను తిరుగుతుంటే, "అరే గంగాదాస్, జర గీ డ్రమ్ము పట్టు" అన్నడు. గా పట్టుడు ఇంక ఇడువలే.

వానకాలం. ఆదివారం. బీడీలు చేసే లక్ష్మవ్వ వచ్చింది.

"కోడలు ఆపరేషనై కన్నది బిడ్డా. మంచి కొర్రమట్ట తియ్యి, పులుసు వెడత."

"నా చెయ్యి చూస్తే చేపలే ఎగిరొస్తయవ్వా!" అని, చూడకుండనే డ్రమ్ముల చెయ్యి వెట్టిన. ఎగిరొచ్చింది చేప కాదు. బొటనేలు పట్టుకొని ఏలాడింది.

నా కేక పెర్కిట్ దాక ఇనవడ్డది. చాచా ఉరికొచ్చి, పామును మెల్లగ ఇడిపించి, బకెట్ నీళ్లల్ల ఏసి, పైన బుట్ట బోర్లిచ్చిండు. నున్నటి పొలుసులు, పొట్టి తోక. కండ్లు, ముక్కు తల మీదికే ఉన్నయి, మునిగి ఉండి గూడ ఊపిరి తీసుకునేతట్టు.

"నీళ్లపాము. చెరువు బురదల ఉంటది. దీని విషపు పండ్లు నోట్లె ఎనుకకు ఉంటయి. గా విషం చేపలకు, కప్పలకు. మనిషికి వాపొస్తది, గంతే" అన్నడు చాచా.

ఎవలింటరు? నాగుపామన్నరు. బస్టాండు చేరేసరికి దానికి రెండు తలలైనయి. గప్పాలకు పేరువడ్డ నేను, గా ఒక్కదినం ఉన్నదున్నట్టు చెప్పిన: "గింతే ఉంది, నీళ్లపామే!" ఒక్కడు నమ్మలే.

"డ్రమ్మంత విషమే. ఇగ గీన కాడ చేపలు కొంటే సచ్చుడే" అన్నడొకడు. ఇంకొకడు కట్టె తెచ్చిండు. చాచా మొఖం పాలిపోయింది. గా మాట బజార్ల నిలిస్తే ఆయన బతుకుదెరువు బంద్.

"చాచా, నువ్వు డ్రమ్ము కాడనే ఉండి చెప్పుకో. నాకేం గాదంటివి గదా" అన్న.

"నాకెరికే. కని నా ఎరుక మీద నీ పానం వెట్టన్రా. ఎక్కు బండి!"

డ్రమ్మును, బకెట్‌ను, కట్టె పట్టుకున్నోన్ని గట్లనే ఇడిశిపెట్టి నన్ను దవాఖానకు తోలుకపోయిండు. డాక్టర్ మధ్యాన్నం దాక పండవెట్టి చూసిండు. "ముందు గా పాము పానం ఎట్లున్నదో అడుగుండ్రి, కరిచింది నన్ను!" అని నేను నర్సమ్మను నవ్విస్తున్న. చాచా నవ్వలే. వచ్చిన ప్రతి ఒక్కరిని "పిలగానికి ఫికర్ లేదు గదా?" అని అడుగుడే.

వాపు తగ్గింది. ఇంటికి పొమ్మన్నరు. డ్రమ్ము బోర్లవడి ఉంటదనుకుంట వచ్చినం. చూస్తే చాచా స్టూల్ మీద లక్ష్మవ్వ కూసున్నది! బకెట్ చుట్టు ఆడోళ్లు.

"జరగుండ్రి! బాలెంతకు గాలాడనియ్యుండ్రి!"

తొంగి చూసినం. పాము పక్కన, పుల్లలంత సన్నగ పిల్లలు ఈదుతున్నయి.

"గుడ్లు వెట్టలే రషీదూ, సక్కగ పిల్లల్నే కన్నది!"

"గీ పాములు గంతే అవ్వా. కడుపులనే పెంచి నీళ్లల్ల కంటయి."

"కట్టెగాన్ని నేనే ఎల్లగొట్టిన. ఇంట్ల బాలెంతను వెట్టుకొని ఇంకో బాలెంతను కొట్టనిస్తనా?"

చాచా భయపడుకుంట డ్రమ్ము మూత తీసిండు. ఉత్త నీళ్లే.

"అందరి ముంగట ఫస్టు నేనే తీస్కున్న. నా కోడలికే వెడుతున్న, ఇగ మీకేం రోగమని అడిగిన. పైసలిచ్చి తలా ఒకటి పట్టుకపోయిండ్రు" అన్నది అవ్వ.

చాచా అవ్వ చెయ్యి పట్టుకొని కండ్లకు అద్దుకున్నడు.

పొద్దూకముందే బకెట్ మోసుకొని చెరువు కాడికి పోయినం. తుంగగడ్డిల వంచితే తల్లి బురదలకు జారింది, ఎనుక పిల్లలు. "షుక్రియా అమ్మా, పిలగాన్ని మెల్లగనే కరిచినవు" అన్నడు చాచా.

ఇప్పుడు బజార్ల నేను గా పామును తాడిచెట్టంత చేసి చెప్తున్న. చాచా ఇనుకుంట, "ఇంక జర పెంచురా" అంటడు. నన్ను బండెక్కించుకున్న ముచ్చట కాడ మాత్రం ఏం పెంచాల్నో నాకు తోస్తలేదు.