నీలిదారం పెన్‌డ్రైవ్

మా వదిన ఎవరినైనా ఒక్కసారే కొలుస్తుంది. రెండోసారి టేపు తీయడం చేతకాని దర్జీ లక్షణమని ఆమె నమ్మకం. "మళ్ళీ కొలుస్తానంటే ఆ మనిషి నేను లావయ్యానేమో అని బెంగపెట్టుకుంటుంది. లేదంటే దీనికి పని రాదు అనుకుంటుంది. రెండూ నాకు నష్టమే" అంటుంది.

వదిన అంటే నా భార్యకు సొంత అక్క. నా పెళ్ళైన కొత్తలో చొక్కా కుడతానని నన్ను నిలబెట్టి కొలతలు తీసుకుంది. అప్పటినుంచి పందొమ్మిదేళ్ళుగా అవే కొలతలతో ఏడాదికి రెండు చొక్కాలు కుట్టి ఇస్తోంది. కొలతలు అక్కడే ఆగాయి గానీ నా పొట్ట ఆగలేదు. కూర్చుంటే నాలుగో గుండీ దగ్గర చొక్కా నోరు తెరుస్తుంది. "అక్కకి చెప్పొచ్చుగా" అంటుంది మా ఆవిడ. "మీ అక్కే కదా, నువ్వే చెప్పు" అంటాను నేను. పిల్లి మెడలో గంట ఇద్దరం కట్టలేదు. ఫొటోల్లో నేను పొట్ట మీద చేతులు కట్టుకుని వినయంగా కనిపించడానికి కారణం అదే.

ఆమె పెళ్ళికి ముందు యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో ఆరేళ్ళు పనిచేసింది. ఆరేళ్ళూ కాలర్లే. చేతులు కుట్టేవాళ్ళు వేరు, జేబులు వేసేవాళ్ళు వేరు. తను కుట్టిన కాలరు చివరికి ఎవరి మెడకు చేరిందో ఒక్కసారి కూడా చూడలేదట. ఆ కసితోనే బయటికొచ్చి, ముందుగదిలో మిషన్ వేసుకుని, మొత్తం బట్ట తనే కుట్టడం మొదలుపెట్టింది. కొలతలు తీసేటప్పుడు కాగితం ముట్టదు. నల్ల లైనింగ్ గుడ్డ ముక్క ఒకటి భుజాన వేసుకుని దాని మీద సుద్దతో అంకెలు రాసుకుంటుంది. సాయంత్రం వాటిని పుస్తకంలోకి ఎక్కించి, వాకిట్లో గుడ్డను ఫట్‌మని దులిపేస్తుంది. ఎనిమిదేళ్ళ కిందట పై అంతస్తులో కుళాయి గొట్టం పగిలి ఆ పుస్తకం ముద్దముద్దగా తడిసింది. ఆమె ఏడవలేదు. ఆకు ఆకూ ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, మూసేస్తున్న ఒక ఆఫీసునుంచి పాత కంప్యూటర్ తెప్పించుకుని, ఒక్కో అంకె అందులోకి ఎక్కించింది. ఆ ఫైల్లో పేర్లుండవు. "మూడో మేడ టీచరమ్మ", "ఎడమ భుజం దిగిన ఆవిడ", "నవ్వితే ఛాతీ రెండంగుళాలు పెరిగే పిల్ల" ఇలా ఉంటాయి. నా వరుస ఎదురుగా "మరిది" అని మాత్రమే ఉంది.

ఈ మధ్య ఆ కంప్యూటర్ తెరిచినప్పుడల్లా అది, ఇక తనకు అప్‌డేట్లు రావని, కొత్త సిస్టమ్ వేసుకోవడానికి తన ఒంట్లో శక్తి లేదని చెప్పడం మొదలుపెట్టింది. వదిన నాకు ఫోన్ చేసింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పగలు నేను ఒక ఆఫీసు రికార్డు గదిలో గుమస్తాను. మిగతా టైములో లినక్స్ అనే ఉచిత కంప్యూటర్ సిస్టమ్ పిచ్చోణ్ణి. దాని రకాలు ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, ఇంకా మా ఆవిడ వినీ వినీ చెవులు మూసుకున్న పేర్లు ఓ పదో పన్నెండో వేసి, తీసి, మళ్ళీ వేసినవాణ్ణి. లినక్స్ గుర్తు పెంగ్విన్ పిట్ట కాబట్టి ఇంట్లో నా పేరూ పెంగ్వినే. వదిన తనంతట తాను అడిగేసరికి నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఆదివారం పొద్దున్నే మూడు పెన్‌డ్రైవుల్లో మూడు రకాలు ఎక్కించుకుని వెళ్ళాను.

వెళ్ళి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. లినక్స్ ఎవరిదీ కాదు, అందరిదీ అన్నాను. ఒకే విత్తనం, వందరకాల చెట్లు అన్నాను. కెర్నెల్ అన్నాను. ఆమె ఆ గంటలో రెండు జాకెట్లకు హుక్కులు కుట్టింది.

"మరిదిగారూ, ఇన్ని రకాలెందుకండీ?" అంది చివరికి.

"ఎవరి అవసరం వాళ్ళది వదినా. అందుకే దీన్ని కంప్యూటర్లో వెయ్యకముందే వాడి చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ మీదనుంచే నడుస్తుంది. నచ్చితేనే వేసుకుంటాం."

ఆమె మొహం వెలిగింది. "అంటే కచ్చా కుట్టు" అంది.

అసలు కుట్టు వేసేముందు పొడుగు పొడుగు టాకాలు వేసి మనిషికి తొడిగి చూస్తారు కదా, అది. ఇంత బాగా నాకెప్పుడూ తట్టలేదని పొంగిపోయి, "సరిగ్గా అదే" అన్నాను. ఆ పొంగులో ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాను.

మూడు పెన్‌డ్రైవులూ నల్లగా ఒకేలా ఉన్నాయని వాటికి దారాలు కట్టింది. ఎరుపు, పసుపు, నీలం. ఏది ఏ రకమో ఇక్కడ చెప్పను. చెబితే వాటి అభిమానులు నా ఇంటి మీదికొస్తారు. ఎర్రదారం అందంగా ఉంది గానీ ఆ ముసలి యంత్రానికి బరువైంది. "ఫైలు తెరుచుకునేలోపు నేను సూదిలో దారం ఎక్కించేశాను, అదీ కళ్ళజోడు లేకుండా" అంది. పసుపుదారం చురుగ్గానే ఉంది గానీ ప్రతిదీ మనమే అమర్చుకోవాలి. "ఇది వండిపెట్టేది కాదు, పొయ్యి కట్టుకోమనేది" అని పక్కన పెట్టింది. నీలిదారంలో అక్షరాలు పెద్దగా ఉన్నాయి, ఒత్తులు సరిగ్గా కూర్చున్నాయి, గడియారం కింద మూలన ఆమె చూసే చోటే ఉంది.

"ఇదే. అయినా నాలుగు రోజులు తొడుక్కుని తిరగనివ్వండి" అంది.

పాత ఫైలు జోలికి పోవద్దని, దాని నకలు ఒకటి నీలిదారంలో పెట్టి ఇచ్చాను. అప్పుడే ఆమెకు పెద్ద ఆర్డరు వచ్చి ఉంది. నాలుగు వీధుల అవతలి నర్సింగ్ హోమ్‌లో కొత్త వార్డు తెరుస్తున్నారు. ఇరవై ఆరుమంది నర్సులకు యూనిఫాంలు కావాలి. ఆ ఆర్డరు కోసం ఆమె మూడేళ్ళు చూసింది. అంతకుముందున్న దర్జీ అందరినీ రెండేసిసార్లు కొలిచి, రెండుసార్లూ బిగుతుగా కుట్టాడట. విసిగిపోయి ఇటు వచ్చారు. వదిన ఒక్క మధ్యాహ్నంలో ఇరవై ఆరుమందిని కొలిచి వచ్చింది. తానులు కూడా దిగాయి.

నాలుగు రోజులన్నది పదమూడయ్యాయి. పద్నాలుగో రోజు ఆదివారం వెళ్ళాను. అప్పటికీ కంప్యూటర్ కచ్చా కుట్టులోనే ఉంది. వదిన రోజూ పని అవగానే దాన్ని నిద్రపుచ్చుతోంది తప్ప ఒక్కసారి కూడా ఆపలేదు. "బాగుంది, ఖాయం చేసెయ్యండి" అని ఆమె లోపలికి వెళ్ళింది. నేను పాత డిస్కులో ఉన్న కొలతల ఫైలు ఇంకో పెన్‌డ్రైవులోకి జాగ్రత్తగా తీసుకున్నాను. రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా. తర్వాత డిస్కు మొత్తం తుడిచి కొత్తది వెయ్యమని కంప్యూటర్‌కి చెప్పాను. అరగంటలో అయిపోయింది. కంప్యూటర్ ఆపి, నీలిదారం పీకి, మళ్ళీ మొదలెట్టి, ఫైలు దాని చోట పెట్టి, "వదినా, రండి, మీ కొత్త సంసారం" అని గర్వంగా పిలిచాను.

ఆమె వచ్చి ఫైల్లో అట్టడుక్కి వెళ్ళింది. పైకి వచ్చింది. మళ్ళీ కిందికి వెళ్ళింది.

"నర్సులు ఏరండీ?" అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆమె వాళ్ళ కొలతలు రాసింది నకలులో. ఆ నకలు ఉన్నది కచ్చా కుట్టులో. అందులో రాసినవి పెన్‌డ్రైవుకు ఎక్కవు, కంప్యూటర్ ఆపేశాక మిగలవు. ఏ రకం వాడినా మామూలుగా అంతే, వాడి చూసుకోవడానికి ఇచ్చేదాని గుణమే అది. గంటసేపు కెర్నెల్ గురించి వాగినవాణ్ణి ఈ ఒక్క మాట చెప్పలేదు. సుద్ద గుడ్డ వంక చూశాను. నల్లగా, శుభ్రంగా, మేకుకు వేలాడుతోంది.

"పోయాయి వదినా. తప్పు నాది. ఆపేస్తే పోతాయని మీకు చెప్పలేదు" అన్నాను. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"కచ్చా కుట్టు విప్పితే బట్ట పోదు కదండీ" అంది. అంతే అంది. ఆమె తెలివితక్కువతనం ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళ పనితనం నమ్ముకుని నడిచింది, నేనే ఆ పోలిక సరిగ్గా అదేనని తలూపాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నాకు తెలిసిన ఉపాయాలన్నీ ఒక గంట ప్రయత్నించాను. ఏమీ దొరకలేదు. ఈలోగా ఆమె కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుంటూ నలుగురివి చెప్పింది. అయిదో మనిషి దగ్గర ఆగిపోయింది.

"నేను వెళ్ళి నర్సింగ్ హోమ్‌లో చెబుతాను. నా వల్లే పోయాయంటాను" అన్నాను.

"కొలిచింది నేను. మీరెవరని చెబుతారు వాళ్ళకి?"

"పోనీ బట్ట మారింది, మళ్ళీ కొలవాలి అనండి."

"అబద్ధమాడి టేపు పట్టుకోనా?" అని నా వంక చూసింది.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకు వెళ్ళాం. టేపు ఆమె పట్టుకుంది, సుద్ద గుడ్డ నాకిచ్చింది. నర్సులు బట్టలు మార్చుకునే గది బయట, ఇనప బీరువాల వరుస పక్కన నిలబడింది.

"మీ కొలతలు పోగొట్టుకున్నానమ్మా. మళ్ళీ కొలవాలి" అంది. ఒక సాకు లేదు, నా పేరు ఎత్తలేదు.

ఎవరో "మళ్ళీనా!" అన్నారు. హెడ్ నర్సు మాత్రం నవ్వింది. "రోజూ ఎవరికో ఒకరికి మేం రెండోసారి రక్తం తీస్తాం. మొదటిది గడ్డకట్టిందనో, సీసా మీద పేరు తప్పు రాశామనో. తిట్లు తిని మరీ తీస్తాం. మీ టేపుకి సూది కూడా లేదు కదండీ. రండి, ముందు నన్ను కొలవండి" అని చేతులు పైకెత్తింది.

వదిన నడుం చుట్టూ టేపు తిప్పి ఆగింది. "మీది ముప్పై నాలుగు. నాకు బాగా గుర్తు. ఇవాళ ముప్పై అయిదున్నర వస్తోంది."

"ఆ రోజు ఊపిరి బిగబట్టాను లెండి. కొత్త టైలరమ్మ ముందు ఎవరు పొట్ట వదులుతారు?"

గది గొల్లుమంది. తర్వాత వచ్చినవాళ్ళందరూ నవ్వుతూ, మాట్లాడుకుంటూ, ఎలా ఉన్నవాళ్ళు అలా నిలబడ్డారు. నేను గోడవైపు తిరిగి ఆమె చెప్పిన అంకెలు రాసుకున్నాను. గుర్తున్న మిగతా ముగ్గురివీ కూడా అంగుళమో, అంగుళమున్నరో పెరిగాయి. ఇంటికి నడుస్తూ ఆమె, "పాత దర్జీ బిగుతుగా ఎందుకు కుట్టాడో తెలిసింది. నేనూ అలాగే కుట్టేదాన్ని" అంది.

యూనిఫాంలు వార్డు తెరిచే రోజుకు అందాయి. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. కంప్యూటర్ ఇప్పుడు నీలిదారం రకంతోనే నడుస్తోంది. వదిన కొలతల ఫైలుకు వారానికోసారి ఎర్రదారం పెన్‌డ్రైవులోకి నకలు తీసుకుంటుంది. సుద్ద గుడ్డను మర్నాటిదాకా దులపదు.

పోయిన ఆదివారం చూసిపోదామని వెళ్ళాను. తాళాలు ఎక్కడో పెట్టానని కుర్చీలో కూర్చుని జేబులు వెతుక్కుంటున్నాను. నాలుగో గుండీ మామూలుగానే నోరు తెరిచింది. వదిన మిషన్ ఆపి అటే చూసింది. చూసి, మెడలోని టేపు తీసింది.

"లేవండి మరిదిగారూ."

"ఎందుకు వదినా, బాగానే ఉన్నాయి చొక్కాలు" అంటూనే లేచాను. అలవాటు కొద్దీ పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను. నడుం చుట్టూ టేపు వేసి, బిగించకుండా ఆగింది.

"వదిలెయ్యండి" అంది.

పందొమ్మిదేళ్ళ ఊపిరి వదిలాను. ఆమె నవ్వలేదు. అంకె చూసుకుని కంప్యూటర్ దగ్గరికెళ్ళి, "మరిది" వరుస వెతికి, పాత కొలత పక్కనే కొత్తది రాసి, తేదీ వేసింది. నా తప్పు మన్నించిందని నాకు అప్పుడు తెలిసింది. కళ్ళు తడయ్యాయి, అది దాచుకోవడానికి తాళాలు వెతుక్కున్నాను. అవి మొదటినుంచీ నా చేతిలోనే ఉన్నాయి.