కుక్క ఒకటి, పిల్లలు రెండు

ఆదివారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆయన గాలానికి ఆ రోజు మొదటిసారిగా ఏదో తగులుకుంది. చూసుకుంటే సొంత చొక్కా చెయ్యి.

విడిపించుకోవడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో, పక్కనే బోర్లించిన బకెట్టు మీద కూర్చున్న డ్రైవరు బాబాయి రెండు చేపలు పట్టి, నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

“ఎంత తూగుతుందేంటి అబ్బాయ్?”

“డెబ్బై ఎనిమిది కిలోలు బాబాయ్. పొట్టతో కలిపి.”

ఈ బాబాయి చుట్టమేమీ కాదు. ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన పెద్దమనిషి. పదకొండేళ్ల కిందట ఈ కాలువ గట్టునే పరిచయమై, “మొదట్లో ఎవరికైనా అంతేలే” అని ఓదార్చాడు. రెండేళ్ల తర్వాత ఓదార్చడం మానేశాడు. చేప పడని ఈయనకూ తన సంగతి తెలుసు. మిగతావాళ్లను చూస్తే చేపలకు భయం, నన్ను చూస్తే జాలి అని తనే చెప్పుకుంటాడు.

వాళ్లు కూర్చునే చోటు ఊరి నడుమనే ఉంటుంది. వెనక కూల్‌డ్రింకుల గోడౌను గోడ, ఎదురుగా అపార్టుమెంట్ల వెనక బాల్కనీలు, వాటినిండా ఆరేసిన బట్టలు. గట్టు కింద, వాడకం మానేసిన పాత వాననీటి పైపు ఒకటి కాలువలోకి నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ పక్కన స్తంభానికి “ఇక్కడ చేపలు పట్టరాదు” అని మునిసిపాలిటీ బోర్డు. ఆయన టిఫిన్ సంచీ తగిలించేది ఆ బోర్డుకే.

ఆ మునిసిపాలిటీలోనే ఆయన ఉద్యోగం. ఫిర్యాదుల విభాగంలో పంతొమ్మిదేళ్లుగా ఫోన్లు ఎత్తుతున్నాడు. వెలగని దీపం, మూత లేని మ్యాన్‌హోలు, మేడ మీద కోతి, మెట్ల కింద పాము. జనం అరుస్తారు, శాపనార్థాలు పెడతారు, ఒక్కోసారి ఏడుస్తారు. దేనికైనా ఆయన చివరి మాట ఒకటే: “రాసుకున్నానండీ.” ఆఫీసులో ఆయన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆయన రాసుకున్నానండీ గారే.

ఎనిమిది కావస్తుండగా బెండు బుడుంగున మునిగింది.

“బాబాయ్! పడింది!”

“రెండో చెయ్యి చూసుకో.”

కర్ర విల్లులా వంగింది. రెండు అరచేతులు కలిపినంత జిలేబీ చేప నీటి మీద తళుక్కుమంది. పదకొండేళ్లలో అంత చేప ఆయన గాలం మొహం చూడలేదు. రెండు బారలు లాగాడు. మూడో బార రాలేదు. అవతల ఎవరో లాగుతున్నారు.

నీళ్లలోంచి తల లేచింది. చదునైన తల, చిన్న చెవులు, ముక్కుకు రెండు పక్కలా బిరుసు మీసాలు. చేప తోకవైపు సగం దాని నోట్లో ఉంది, తలవైపు ఈయన గాలానికి ఉంది. అది రెప్ప వేయకుండా ఈయన్ని చూసింది. పదిన్నరకు ఆఫీసుకు వచ్చినవాణ్ని సూపరింటెండెంటు చూసే చూపు అది.

ఇలాంటప్పుడు ఎవరైనా కేక వేస్తారు, కర్ర ఝళిపిస్తారు, కాదంటే పరుగు లంకించుకుంటారు. ఈయన నోట్లోంచి పంతొమ్మిదేళ్ల అలవాటు ఊడిపడింది.

“నమస్కారమండీ, చెప్పండి!”

అది జవాబుగా మెడ ఒక్క విదిలింపు విదిల్చింది. చేప రెండైంది. తలకాయ గాలానికి మిగిలింది, తక్కినది నీళ్ల మీద చారలా సాగిపోయింది.

“సొంత అన్నదమ్ములు కూడా ఇంత తేలిగ్గా పంచుకోరు,” అన్నాడు బాబాయి.

“ఏంటి బాబాయ్ అది?”

“నీటికుక్క.”

“నీరుపిల్లి అంటారు కదా?”

“కుక్కో పిల్లో నువ్వే అడుగు. నీకు మాటలు కలిశాయిగా.”

అది తిన్నగా పాత పైపు దగ్గరికి వెళ్లి, చేపతో సహా లోపలికి దూరింది. లోపలి నుంచి కీచుమని ఈల వేసినట్టు రెండు గొంతులు వినిపించాయి. కాసేపటికి పైపు అంచు మీద పిడికిలంత తలలు రెండు ప్రత్యక్షమయ్యాయి. ఒకటి తూలి నీళ్లలో పడబోతే తల్లి మెడ కరిచి వెనక్కి ఈడ్చింది.

ఆయన నోరు వెళ్లబెట్టుకుని చూశాడు. బాబాయి చూపు మాత్రం పైపు మీద ఎర్ర రంగుతో వేసిన ఇంటూ గుర్తు దగ్గర ఆగింది.

“బుధవారం దీన్ని మూసేస్తారట. మొన్న కాలువ పనుల సూపర్‌వైజరు చెప్పాడు. సిమెంటు పోసేస్తారట.”

“లోపల పిల్లలున్నాయి కదా?”

“ఆ సంగతి ఎవరికి తెలుసు? నీకూ నాకూ తెలుసు.” బాబాయి బెండు వైపు తిరిగాడు. “మనిద్దరం ఈ చోట కూర్చోకూడని వాళ్లం.”

ఇంటికి వెళ్లి సంచీ విప్పితే ఆయన భార్య లోపలికి తొంగిచూసింది. ఆమె ప్రైమరీ స్కూల్లో టీచరు. సగం చెప్పిన జవాబును ఊరికే వదిలే మనిషి కాదు.

“తలకాయే ఉందేం? మిగతా చేపేది?”

“పంచుకున్నాం.”

“ఎవరితో?”

చెప్పాడు. పిల్లల సంగతీ, ఎర్ర గుర్తు సంగతీ కూడా చెప్పాడు. ఆమె నవ్వుతూ మొదలుపెట్టి, వినీ వినీ నవ్వు ఆపేసింది.

“ఊళ్లో వాళ్లందరి గోడూ రాసుకుంటారు కదా. దాని గోడు రాసుకోరా?”

“అక్కడ నేనేం చేస్తున్నానని రాసుకోను? చేపలు పడుతున్నాననా?”

“పట్టింది ఎప్పుడు లెండి,” అని ఆమె తలకాయ అందుకుని లోపలికి వెళ్లింది.

సోమవారం ఆయన మొదట అటవీశాఖకు ఫోన్ చేశాడు. ఊళ్లో ఉన్నది ఏదైనా మునిసిపాలిటీ జంతువేనని వాళ్లు సెలవిచ్చారు. కాలువ పనుల సూపర్‌వైజరుకు చేస్తే, “కాగితం పంపండి, చూస్తాను,” అన్నాడు. కాగితం పుట్టాలంటే ఫిర్యాదు నమోదు కావాలి. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన తన కంప్యూటరు ముందు ఫిర్యాదుదారుగా కూర్చున్నాడు.

జంతువుల పేజీలో ఆరు గడులు ఉంటాయి: కుక్కలు, పిల్లులు, కోతులు, పందులు, పాములు, ఇతరములు. నిజానికి అది ఇతరముల్లోకే పోవాలి. కానీ ఇతరముల్లోకి పోయిన ఫిర్యాదు గతేమిటో ఆయన కన్నా తెలిసినవాడు ఆ భవనంలో లేడు. తన చేత్తో ఎన్ని అందులోకి తోశాడో లెక్కలేదు. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఆయన ఐదు నిమిషాలు ఆలోచించి కుక్కలు అన్న గడి నొక్కాడు. వివరాల్లో “నీటికుక్క, పిల్లలు రెండు, పైపులో ఉన్నాయి, పైపు మూయవద్దు” అని రాశాడు. ఘటన సమయంలో మీరు అక్కడ ఏం చేస్తున్నారు అన్న చోట “వాకింగ్” అని రాశాడు. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసి నమోదు చేశాడు. కుక్క తోక పట్టుకుని ఏరు దాటబోయినవాడి గతి సామెతల్లో ఉండనే ఉంది. అది ఆయనకు మర్నాడు గుర్తొచ్చింది.

మంగళవారం ఉదయం గడ్డం సగం గీసుకుని ఉండగా ఫోన్ మోగింది.

“సార్, కుక్కల వ్యానండీ. కాలువ దగ్గర ఉన్నాం. మీ కుక్క ఏదండీ?”

మునిసిపాలిటీ మొత్తంలో చెప్పిన రోజుకు వచ్చేది కుక్కల వ్యాను ఒక్కటే. ఆ సంగతి కూడా ఆయనకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. వలలు, ఉచ్చుకర్రలు వేసుకుని వస్తారు, పని ముగించుకుని పోతారు. తువ్వాలుతో నురగ తుడుచుకుంటూ ఆయన ఆటో ఎక్కాడు.

గట్టు మీద నలుగురు మనుషులు వలలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. కాలువ నడిమి బండ మీద అది తీరిగ్గా చేప నములుతూ వాళ్లను చూస్తోంది. వ్యాను మేస్త్రీ చేతిలో చీటీ ఉంది.

“ఆపండి! వల వేయకండి!”

“మీరేనా సార్? చీటీలో కుక్క ఒకటి, పిల్లలు రెండు అని ఉంది. ఇక్కడేమో ఇదుంది.”

“అదేనండీ. నీటికుక్క.”

మేస్త్రీ చీటీని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు. “నీటి అన్న ముక్క ఇందులో లేదండీ. జంతువు పేరు దగ్గర గడి పేరొక్కటే అచ్చవుతుంది. ఆఫీసులో ఎవరో తెలివైనవాడు నొక్కి ఉంటాడు.”

“ఉంటాడు,” అన్నాడాయన.

“వాకింగ్‌కి వచ్చారని రాశారు. సగం గడ్డంతో వస్తారా రోజూ?”

అంతలో కాలువ పనుల సూపర్‌వైజరు మోటార్‌సైకిలు మీద వచ్చాడు. మర్నాటి సిమెంటు పనికి పైపు కొలత తీసుకోవడానికి టేపు పట్టుకుని దిగినవాడు, వ్యానును చూసి ఆగిపోయాడు.

“కుక్కల ఫిర్యాదు ఉందా ఇక్కడ? చెప్పరేం? నా మనుషుల్ని పంపడానికి వీల్లేదు. అవతలి వార్డులో ఇద్దర్ని కరిచినప్పటి నుంచి ఉత్తర్వుంది. ఫిర్యాదు ముగిసేదాకా పని ఆపాల్సిందే.”

“ఇప్పుడే ముగించేస్తానండీ,” అన్నాడు మేస్త్రీ. అతని ఫోనులో రెండే గడులు ఉన్నాయి: పట్టుకున్నాం, కనబడలేదు. బండ మీద నుంచి తమనే చూస్తున్నదాన్ని ఒకసారి చూసి, కనబడలేదు అన్నది నొక్కాడు. “మీకు ఫోనొస్తుంది సార్. తృప్తి అనండి, అయిపోతుంది.”

ఫోన్ రానే వచ్చింది. పక్క సీటు అమ్మాయి గొంతు. కిందటేడే ఉద్యోగంలో చేరింది, పని నేర్పింది ఈయనే.

“మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదైంది. మీరు తృప్తి చెందారా? అవును అనండి, లేదా కాదు... సార్, మీ నెంబరులా ఉందేంటి?”

“నేనేనమ్మా.”

“అయితే అవును కొట్టేయనా సార్?”

కాదు అనేవాళ్ల మీద ఆయనకు పంతొమ్మిదేళ్లుగా ఒకే అభిప్రాయం. పనీపాటా లేనివాళ్లు. మొగుడి మీద కోపం మునిసిపాలిటీ మీద చూపించేవాళ్లు. ఈ అమ్మాయికీ అదే నూరిపోశాడు. కాదంటే ఫిర్యాదు మళ్లీ తెరుచుకుంటుంది, వ్యాను మళ్లీ రావాలి, విభాగం మార్కులు పడిపోతాయి. సూపర్‌వైజరు టేపు చేతికి చుట్టుకుంటూ ఆయన మొహంలోకి చూస్తున్నాడు. మేస్త్రీ తల ఊపుతున్నాడు, అనండి అన్నట్టు.

“కాదు,” అన్నాడాయన.

“సార్?”

“తృప్తి లేదమ్మా.”

“కారణం చెప్పాలి సార్.”

కారణం కోసం ఆయన పైపు వైపు చూశాడు. అంచు మీద రెండు తలలూ ఉన్నాయి. కింద నీళ్లను చూసి వెనక్కి జంకుతున్నాయి.

“పిల్లలకు ఇంకా ఈత రాలేదని రాసుకో.”

అవతల టకటకమని అక్షరాలు కొట్టిన చప్పుడు వినిపించింది. మేస్త్రీ వలలు చుట్టించి వ్యాను ఎక్కుతూ, “కుక్కలకు ఈత నేర్పే ఉద్యోగం కూడా మనకే పెడతారు కాబోలు,” అన్నాడు. సూపర్‌వైజరు టేపు జేబులో పెట్టుకుని బండి తిప్పాడు.

ఆ తర్వాత ఐదు వారాల్లో వ్యాను ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ కనబడలేదు అని నమోదైంది. ఆరుసార్లూ ఆయన కాదు అన్నాడు. ఒకసారి కారణం: పెద్దది దిగింది, చిన్నది తల్లి వీపు వదలడం లేదు. ఇంకోసారి: ఈదుతున్నాయి కానీ చేప పట్టడం రాలేదు. “అది మీకూ రాలేదుగా సార్,” అంది పక్క సీటు అమ్మాయి. గోల మీద గోల పెట్టేవాళ్లను వేరుచేయడానికి ఆఫీసులో అలవాటు ఫిర్యాదుదారుల జాబితా ఒకటి ఉంది. ఐదు దాటినవాళ్లు అందులోకి ఎక్కుతారు. నాలుగేళ్ల కిందట ఆ జాబితా మొదలుపెట్టిందీ, నెలనెలా నింపేదీ ఈయనే. నెలాఖరున తన నెంబరు తన చేత్తోనే ఎక్కించుకున్నాడు. సూపరింటెండెంటు పిలిచి, కాలువ గట్టున ఏ రకం వాకింగ్ చేస్తారని అడిగాడు. ఆయన నిజం చెప్పేశాడు. గాలం ఇంట్లో అటక ఎక్కింది, మెమో ఫైలు ఎక్కింది. ఇంతా నా ఎత్తే అనుకుంటారేమోనని, ఎవరైనా మెచ్చుకోబోతే ఆయన ముందే చెప్పేస్తాడు: తప్పు గడి నొక్కాను, ఆ పైన ఒప్పుకోవడానికి సిగ్గేసింది, అంతే.

ఆరో వారం ఆదివారం నుంచి పైపులో అలికిడి లేదు. మూడూ వంతెన దాటి, దిగువన తుంగ మొలిచిన వైపు తిరుగుతున్నాయని బాబాయి చూసి వచ్చి చెప్పాడు. బుధవారం మేస్త్రీ పైపులోకి సగం దూరి, టార్చి వేసి చివరిదాకా చూశాడు. చేప ముళ్లు తప్ప ఏమీ లేవన్నాడు. ఆ సాయంత్రం ఫోన్ వస్తే ఆయన అవును అన్నాడు.

గురువారం ఉదయం పైపు మూసేశారు. మూడు బస్తాల సిమెంటు పట్టింది.