బూడిద రంగు ఇళ్లు

ఆఫీసులో అతన్ని అందరూ రంగులాయన అంటారు. గోడలకు వేసే రంగులు కావు. ఊరి మ్యాపును కంప్యూటర్లో తెరిచి, ఏ ఇంటికి ఏ రంగు రావాలో చూసుకోవడం అతని పని. రోడ్డు వెడల్పు చేస్తారని తేలాక అతనికి తల గోక్కునే తీరిక లేకుండా పోయింది. సర్వేవాళ్లు ఒక్కో ఇంటికి ‘స్థితి’ అనే గడి నింపి పంపారు. ఆ గడిని చూపిస్తే చాలు, ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఇళ్లన్నిటికీ రంగులు వేసేస్తుంది. రోడ్డుకు తగలని ఇల్లు పచ్చ, కొంత పోయేది పసుపు, మొత్తం పోయేది ఎరుపు. ఎరుపు ఇంటివాళ్లకు ఊరి చివర వేరే ఇల్లిస్తారు. గడి ఖాళీగా ఉంటే ‘ఇతరములు’ అనే పేరుతో బూడిద రంగు.

అతని అక్క ఇల్లు ఆ రోడ్డు మలుపులోనే ఉంది. తల్లి పోయాక అతన్ని పెంచి మనిషిని చేసింది ఆవిడే. ఇప్పుడు కిడ్నీలు చెడిన భర్తను వారం వారం ఆసుపత్రికి తిప్పుతోంది. మలుపులో ఇళ్లన్నీ పోతాయని అందరికీ తెలుసు.

“పోతే పోనీరా. ఇచ్చేదాంట్లో ఇంత గాలీ వెలుతురూ ఉంటే చాలు” అనేది అక్క.

“నాకూ ఓ రంగు వెయ్యమనవే మీ తమ్ముణ్ణి. పాతబడింది, తీసెయ్యాలి అని” అనేవాడు బావ.

“మీ నోట్లో మంచి మాటే రాదా?” అని కసిరేది ఆవిడ.

కమిటీకి మ్యాపు ఇవ్వాల్సిన రోజు పెద్దసారు వచ్చి అతని వెనక నిలబడ్డాడు.

“ఏమయ్యా రంగులాయనా, ఈ బూడిదేంటి మధ్యలో, పంటికింద రాయిలా?”

“వివరాలు రాని ఇళ్లు సార్.”

“వచ్చాక వేద్దువుగాని. ఇప్పుడు తీసెయ్.”

తీసెయ్యడం ఎంతసేపు! ‘ఇతరములు’ పక్కనున్న టిక్కు తీశాడు. బూడిద రంగుతోపాటు ఆ ఇళ్లే మ్యాపు మీద లేకుండా పోయాయి. అవి ఎవరివో అతను చూడలేదు. అక్కది ఎరుపులో ఉంటుందిలే అనుకున్నాడు. కమిటీ ఆ మ్యాపు మీదే సంతకాలు చేసింది.

కొత్త ఇళ్లు వచ్చేవాళ్ల పేర్లు బయట అంటించిన రోజు అక్క ఆయాసపడుతూ ఆఫీసుకు వచ్చింది.

“పక్కింటావిడ పేరుంది, మాది లేదేంట్రా? సరిగ్గా చూడు.”

అతను మ్యాపు తెరిచాడు. మలుపులో ఖాళీ నేల కనిపించింది. తీసేసిన టిక్కు మళ్లీ పెట్టాడు. అక్క ఇల్లు బూడిద రంగులో పైకి తేలింది.

“సర్వేవాళ్లు వచ్చినప్పుడు ఇంట్లో లేవా?”

“ఆసుపత్రిలో ఉన్నాం. తాళం చూసి మళ్లీ వస్తామన్నారట. ఎక్కడొచ్చారు?”

అతను పెద్దసారు గదిలోకి పరుగెత్తి సంగతి చెప్పాడు.

“సర్వే ముగిసింది, సంతకాలయ్యాయి. ఖాళీ స్థలానికి ఇల్లెలా ఇస్తారయ్యా?” అన్నాడాయన.

“తీసెయ్యమన్నది మీరే కదా సార్!”

“అన్నాను. ఆ మాట పైకి వెళ్లి చెబితే ఇద్దరం ఇంటికే. మీ అక్కకు మాత్రం ఏమొస్తుంది? అర్జీ పెట్టుకోమను.”

తిరిగొచ్చి కూర్చుని, ఏమీ తోచక, ఆ ఖాళీ గడిలో ‘మొత్తం’ అని కొట్టాడు. ఇల్లు వెంటనే ఎర్రబడింది.

“అదిగో, వచ్చేసిందిగా!” అంది అక్క. ఆ ముఖం చూడలేకపోయాడు.

“ఇది నా కంప్యూటర్లోనే అక్కా. సంతకం పెట్టినదాంట్లో లేదు. కనపడకుండా తీసింది కూడా నేనే.”

ఆవిడ తెర మీది ఎర్ర ఇంటిని వేలితో తాకింది.

“మ్యాపులో లేని ఇంటిని కూల్చకుండా వదిలేస్తారా మరి?”

“వదలరక్కా.”

“సరే. మీ బావకు చెప్పకు” అని కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

అర్జీ పెట్టింది. జవాబు రాలేదు, ఇళ్లు కూల్చే యంత్రం వచ్చింది. మలుపులో మట్టి చదును చేసేనాటికి అక్కా బావా అతని రెండు గదుల్లోకి చేరారు.

ఆ పూట అందరూ భోజనానికి కూర్చున్నారు. బావ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎవరున్నారయ్యా మాకు? నువ్వుండబట్టి తల దాచుకున్నాం.”

అతను చెంబు అందుకుని బావ గ్లాసులో నీళ్లు పోశాడు. అక్క కూర గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. వాళ్లు చేతులు కడుక్కునేదాకా బయటికి రాలేదు.